సగటు వాన కాదు, వానల వరుస చూడాలి

అందరికీ నమస్కారం.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున ఎంత వాన పడుతుందని అడిగితే ఇక్కడి పిల్లలు కూడా చెప్పేస్తారు, సుమారు 550 మిల్లీమీటర్లని. పడమటి కనుమలు దాటి వచ్చేసరికి నైరుతి మేఘాల్లో సరుకు మిగలదు, అదీ అందరికీ తెలిసిందే. కానీ ఆ 550 అనే అంకె అంటే నాకు ఎప్పుడూ కోపమే. జూన్‌లో పదును వాన పడి, విత్తనం వేశాక నలభై రోజులు వరపు వచ్చి, అక్టోబరులో ఒక్క వారం కుండపోతగా కురిసినా లెక్క 550కే తేలవచ్చు. చేనుకు మాత్రం అది కరువే.

పంట సంగతి ఆ ఏడాదే తేలిపోతుంది. గడ్డి, పొదలు, నేల సంగతి తేలడానికి ముప్పై నలభై ఏళ్లు పడుతుంది. అది కనిపించాలంటే ఒకే చోటును తరతరాలుగా ఓపిగ్గా కొలిచినవాళ్లు ఉండాలి. అమెరికాలోని న్యూమెక్సికోలో హోర్నాడా అనే చోట ఆ పని జరిగింది. అక్కడ పరిశోధన క్షేత్రం 1912లో మొదలైంది. వాన ఏడాదికి సుమారు 245 మిల్లీమీటర్లు, మన దాంట్లో సగం కూడా లేదు.

1858 నాటి భూసర్వే రాతలు చూస్తే ఆ మైదానంలో ఎక్కువ భాగం గడ్డే. ఇప్పుడు అక్కడ చాలాచోట్ల మెస్కీట్ పొదలు, వాటి చుట్టూ ఇసుక దిబ్బలు. మెస్కీట్ అంటే పరాయిదేమీ కాదు, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. సర్కారు తుమ్మను మన సీమకు తెచ్చింది కూడా కరువు కాలంలోనే. 1877లో, ధాత కరువు రోజుల్లో, జమైకా నుంచి వచ్చిన విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో నాటారు.

హోర్నాడాలో ఒక్క కరువుకే గడ్డి పోలేదు. మందలు మేసి మేసి బలహీనపడిన గడ్డి మీద ఎండు ఏళ్లు వరసగా వచ్చిపడ్డాయి. 1951 నుంచి 1956 దాకా సాగిన కరువు మరీ పెద్ద దెబ్బ. అక్కడి ముఖ్యమైన గడ్డి విత్తనాలతో మొలవడం అరుదు, ఎక్కువగా తీగలా పాకి వేళ్లూనుకుంటుంది. కాబట్టి ఒకసారి చస్తే మళ్లీ రావడం కష్టం. గడ్డి పోయినచోట నేల బోసిపోయింది. అక్కడి మెత్తటి మన్నును గాలి ఎత్తుకుపోయి పొదల మొదట్లో పోసింది. వాన నీరు కూడా బోసినేల మీద ఇంకకుండా పారి, సారాన్ని పొదల దగ్గరికే చేర్చింది. పొద కింద బలం, పొదకూ పొదకూ మధ్య ఎడారి. పశువులు కాయలు తిని పేడతో విత్తనాలు చల్లాయి. తర్వాత కంచెలు వేసి దశాబ్దాల పాటు మేపు ఆపినా చాలాచోట్ల గడ్డి తిరిగి రాలేదు. నన్ను భయపెట్టేది ఈ మాటే.

మనకు ఈ కథ దూరమా? వేరుశనగ చెట్టును వేళ్లతో సహా పీకేస్తాం, కట్టె ఇంటికి చేరుతుంది, నేల మళ్లీ వానాకాలం దాకా బట్టబయలు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఇసుక గాలికి లేచి పొలాల్లోకి ఎలా వస్తోందో చూసినవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. జొన్న, కంది, అనుము, అలసంద కలిపి చల్లిన రోజుల్లో ఒకటి పోయినా ఇంకొకటి నేలను కప్పి ఉంచేది.

అదే హోర్నాడాలో ఆశ కలిగించే సంగతి కూడా ఒకటుంది. 2004 నుంచి 2008 దాకా వరసగా కాలం బాగా జరిగినప్పుడు, పొదలు ఆక్రమించిన చోట్ల కూడా గడ్డి మళ్లీ మొలిచింది. ఒక్క మంచి ఏడాది చాలలేదు, నాలుగైదు కలిసి రావాల్సి వచ్చింది. మనం మాత్రం కరువు ఏడాదిలోనే మీటింగులు పెడతాం, మంచి ఏడాది రాగానే ఊపిరి పీల్చుకుని మర్చిపోతాం. నా దృష్టిలో పని చేయాల్సింది ఆ మంచి ఏడాదిలోనే. ఊరి బీడులో కొంత భాగంలోనైనా, గడ్డి కంకి తీసి విత్తనం రాలేదాకా మందను ఆపితే చాలు. గొర్రెల కాపరులను ముందుగా కూర్చోబెట్టి మాట్లాడకుండా ఇది జరగదు. మేత దొరకక నష్టపోయేది వాళ్లే కాబట్టి, ఆ నెలల మేతకు పంచాయతీ దారి చూపాలి.

విద్యార్థులను ఒకటి అడుగుతాను. మీ ఊరి గుట్ట కింద పది అడుగుల చదరం ఎంచుకోండి. నాలుగు మూలలా రాళ్లు పాతండి. ఏటా వానలు వెనకబట్టాక గడ్డి దుబ్బులు ఎన్ని, తుమ్మ మొలకలు ఎన్ని, బోసినేల ఎంత అని లెక్కపెట్టి, ఆ ఏడు వాన ఏయే వారాల్లో పడిందో పక్కనే రాయండి. ఫోటో కూడా అదే మూల నుంచి తీయండి. మొదటి లెక్క ఈ దీపావళికే రాసుకోవచ్చు.