అకోమా గుట్ట మీద మా అత్తయ్యతో ఒక రోజు

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఆల్బుకర్కీ నుంచి ఐ-40 హైవే పట్టుకుని పడమటికి బయల్దేరాం. అనంతపురం నుంచి మా అత్తయ్య వచ్చి ఉన్నారు. గ్రాండ్ క్యాన్యన్, లాస్ వేగాస్ ఎలాగూ తీసుకెళ్తాం. దానికంటే ముందు మేం కాపురం ఉంటున్న న్యూ మెక్సికోని ఆవిడకి చూపించాలని నా పట్టు. వెనక సీట్లో పులిహోర డబ్బా, పెరుగన్నం, మాగాయ. గంట దాటితే అకోమా.

అదిగో, అద్దంలోంచి కనిపిస్తోంది చూడండి. చుట్టూ చదును నేల, మధ్యలో నిట్టనిలువుగా దాదాపు 360 అడుగుల రాతి గుట్ట, దాని నెత్తిన ఊరు. ఇక్కడి మూలవాసుల ఊళ్ళని ప్యూబ్లో అంటారు. ఈ ఊరు అక్కడ సుమారు 900 ఏళ్ళుగా ఉంది. ఇప్పటికీ కొన్ని కుటుంబాలు కరెంటు, కుళాయి లేకుండా పైనే ఉంటాయి. మిగతావాళ్ళకి కింద ఇళ్ళున్నాయి, పండగలకి అందరూ పైకి చేరుకుంటారు.

ఇక్కడి నుంచి కాసేపు మీకు దారి, కొండ, ఆకాశమే కనిపిస్తాయి, నా గొంతు వినిపిస్తుంది. పైన వీడియో తీయనివ్వరు. గైడ్ లేకుండా తిరగనివ్వరు కూడా. వాళ్ళ ఊరు, వాళ్ళ కట్టుబాటు. ఆ ఊరికి ఏం జరిగిందో తెలిశాక ఆ కట్టుబాటు మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. అందుకే ఫోన్ బ్యాగులో పెట్టేసి, విన్నవి, చూసినవి మీకు చెప్తున్నాను.

స్పెయిన్ వాళ్ళు ఇక్కడికి మొదట వచ్చింది 1540లో. కొరొనాడో అనే స్పెయిన్ సేనాని దండులోని అల్వరాదో అనే కెప్టెన్ ఈ గుట్ట కిందికి వచ్చినప్పుడు, ఊరివాళ్ళు టర్కీ కోళ్ళు, మొక్కజొన్న పిండి, జింక తోళ్ళు ఇచ్చి పంపారు. కొరొనాడో బంగారు నగరాల కోసం వచ్చాడు. కాన్సాస్ దాకా తిరిగినా ఏమీ దొరకలేదు, 1542లో మెక్సికోకి వెనక్కి వెళ్ళిపోయాడు.

అసలు కథ 1598లో. హువాన్ దె ఒన్యాతే అనే ఆయన రియో గ్రాండే నది వెంబడి పైకి వచ్చాడు. సైనికులు, వాళ్ళ కుటుంబాలు, ఫ్రాన్సిస్కన్ పాదరీలు, బళ్ళు, దాదాపు 7,000 పశువులు. తండ్రిది మెక్సికోలోని సకతేకాస్ వెండి గనుల సంపద. భార్య ఇసబెల్ అటు మెక్సికోని గెలిచిన కోర్తెస్‌కి మనవరాలు, ఇటు ఆయన చేతిలో ఓడిన అజ్టెక్ చక్రవర్తి మోక్తెసుమాకి ముని మనవరాలు. ఈ దండయాత్రకి స్పెయిన్ రాజుగారి ఖజానా నుంచి వచ్చింది కొంచెమే. కాంట్రాక్టు రాసుకుని, ఖర్చు చాలావరకు ఒన్యాతేనే పెట్టుకున్నాడు. గెలిస్తే బిరుదు, అధికారం, ఆ నేల మీద వచ్చేదాంట్లో వాటా. వెంట వచ్చినవాళ్ళలో చాలామంది కూడా సొంత గుర్రం, సొంత కవచం తెచ్చుకున్నారు. ఆ సంగతి పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. పెట్టుబడి పెట్టి వచ్చారు, ఇక్కడ వెండి లేదు, బంగారం లేదు. ఉన్నవల్లా మొక్కజొన్న గాదెలు, నూలు దుప్పట్లు, పనిచేసే చేతులు. పెట్టిందంతా వాటిలోంచే రాబట్టుకున్నారు.

ఆ ఏడాది డిసెంబరు చలిలో ఒన్యాతే మేనల్లుడు హువాన్ దె సాల్దీవార్ సైనికులతో అకోమా ఎక్కి పిండి అడిగాడు. ఎడారిలాంటి నేల, చలికాలానికి దాచుకున్న గింజలు. గొడవ ముదిరింది. సాల్దీవార్, అతని మనుషులు పదిమందికి పైగా చచ్చిపోయారు. 1599 జనవరిలో చనిపోయినవాడి తమ్ముడు విసెంతే, సుమారు 70 మందిని వెంటేసుకుని వచ్చాడు. మూడు రోజుల యుద్ధం. ఫిరంగులు గుట్ట మీదికి ఎక్కించి కాల్చారు. అకోమా వైపు దాదాపు 800 మంది చనిపోయారని లెక్క. దాదాపు 500 మందిని బందీలుగా పట్టుకెళ్ళారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు.

ఫిబ్రవరిలో ఒన్యాతే విచారణ జరిపి తీర్పు రాయించాడు. 25 ఏళ్ళు దాటిన మగవాళ్ళకి ఒక పాదం నరకాలి, 20 ఏళ్ళు దాస్యం. 12 నుంచి 25 లోపు మగపిల్లలకి, 12 దాటిన ఆడవాళ్ళకి 20 ఏళ్ళ దాస్యం. అంతకంటే చిన్నపిల్లలు నిర్దోషులని రాస్తూనే తల్లిదండ్రుల నుంచి విడదీశారు: ఆడపిల్లల్ని పాదరీకి, మగపిల్లల్ని విసెంతేకి అప్పగించారు. ఆడపిల్లల్లో 60 మంది దాకా మెక్సికో నగరం కాన్వెంట్లకి వెళ్ళిపోయారు.

మా అత్తయ్యకి నేను తెలుగులో చెప్తూ ఉంటే ఇక్కడ నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. "మల్ల వచ్చినారా తల్లీ ఆ పిల్లోళ్ళు?" అని అడిగారు. లేదు అత్తయ్యా అన్నాను. గైడ్‌కి తెలుగు రాకపోయినా, మేం ఎక్కడ ఆగామో తెలిసినట్టుంది. కాసేపు ఆగి నడిపించింది.

ఆ తర్వాత అకోమావాళ్ళు మళ్ళీ ఊరు నిలబెట్టుకున్నారు. 1629 నుంచి వాళ్ళ చేతే కట్టించిన సాన్ ఎస్తెబాన్ చర్చి పైన ఉంది. లోపలికి వెళ్తే ముందు తల పైకెత్తుతాం. అంత పొడుగు దూలాలు, ఈ గుట్ట మీదేమో అలాంటి దూలాలిచ్చే చెట్లు లేవు. మౌంట్ టేలర్ అడవుల్లో కొట్టి, మైళ్ళకు మైళ్ళు మోసుకొచ్చి ఎక్కించారు. చర్చి ముందున్న సమాధుల స్థలానికి మట్టి కూడా కింది నుంచి మోసిందే, గుట్టంతా రాయి కదా మరి.

ఒక ఇంటి ముందు బల్ల మీద కుండలు పెట్టుకుని ఒకావిడ కూర్చున్నారు. తెల్లటి కుండ, వెంట్రుకంత సన్నటి నల్ల గీతలు. యుక్కా ఆకుని నమిలి కుంచెలా చేసుకుని గీస్తారట. పాత పగిలిన పెంకుల్ని మెత్తగా దంచి కొత్త బంకమట్టిలో కలుపుతారని చెప్పారు, అప్పుడే కాల్చేటప్పుడు పగలదట. అత్తయ్య ఆ కుండని వేలితో మీటి, మోత విని, తల ఊపారు. చిన్నది ఒకటి తీసుకున్నాం.

కిందికి దిగి, భోజనంలోకి గ్రీన్ చిల్లీ స్ట్యూ తీసుకున్నాం. ఇదిగో, ఇప్పుడు కెమెరా ఆన్ చేశాను. మన గుంటూరు మిరపకాయకీ దీనికీ పూర్వీకురాలు ఈ అమెరికా ఖండంలోనే. 500 ఏళ్ళ కిందట మనకి తెలియనే తెలియదు, పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. అత్తయ్య మాత్రం ఉప్పు తక్కువైందన్నారు.

అక్కడి నుంచి గంటకు పైగా ప్రయాణం చేసి ఎల్ మోరోకి వచ్చాం. ఇక్కడ వీడియో తీసుకోవచ్చు, చూడండి. ఎత్తైన ఇసుకరాతి గోడ, దాని మొదట్లో నీళ్ళ గుంట. ఊట కాదు ఇది, వాన, మంచు కరిగిన నీళ్ళు కొండ మీంచి జారి నిలిచిన గుంట. "మా పక్క కొండల్లో దొనలుంటాయే, అట్లాంటిదేనమ్మా" అన్నారు అత్తయ్య. సరిగ్గా అదే. ఈ నీళ్ళ కోసమే ఆ దారిన వెళ్ళేవాళ్ళంతా ఆగారు, ఆగి రాతి మీద చెక్కారు. మూలవాసుల పాత బొమ్మలున్నాయి, వాటి దగ్గర్లోనే స్పానిష్ పేర్లు. ఇదిగో ఒన్యాతే, 1605 ఏప్రిల్ 16. దక్షిణ సముద్రాన్ని, అంటే కాలిఫోర్నియా సింధుశాఖని, కనుగొని తిరిగి వస్తూ ఇటు వెళ్ళానని రాశాడు. ఆ తీరంలో అప్పటికే జనం ఊళ్ళు కట్టుకుని ఉన్నారు.

ఈ ఒన్యాతేని 1614లో మెక్సికో నగరంలో విచారించారు. అకోమా మీద చేసిన క్రూరత్వం కూడా నేరాల్లో ఒకటి. న్యూ మెక్సికోకి జీవితాంతం రాకూడదన్నారు, జరిమానా వేశారు. పాదాలు పోయినవాళ్ళకి దాని వల్ల ఒరిగిందేమీ లేదు.

1680లో పోపే అనే నాయకుడు ముడులు వేసిన తాళ్ళని ఊరూరా పంపాడు, రోజుకో ముడి విప్పి, ఆఖరి ముడి రోజున తిరగబడాలి. దాదాపు ప్యూబ్లో ఊళ్ళన్నీ ఒక్కటయ్యాయి, అకోమా కూడా. స్పెయిన్ వాళ్ళు ఎల్ పాసో దాకా పారిపోయారు, 12 ఏళ్ళు ఈ నేల మీద వాళ్ళ పెత్తనం లేదు. ఆ తర్వాత వాళ్ళ తరఫున మళ్ళీ దండెత్తి వచ్చిన దియెగో దె వర్గాస్ చెక్కించింది ఈ గోడ మీదే ఉంది: మొత్తం న్యూ మెక్సికోని రాజుగారి కోసం తన సొంత ఖర్చుతో గెలిచాను, 1692.

మీరు ఇటు వస్తే ముందు అకోమాకే వెళ్ళండి, ఆ తర్వాతే ఈ రాయి చదవండి. సొంత ఖర్చు అని ఆయన రాసుకున్నది ఎవరి గాదెల్లోంచి వచ్చిందో గుట్ట మీద వినేసి ఉంటారు. పండగ రోజుల్లో అకోమాలోకి బయటివాళ్ళని రానివ్వరు, కాబట్టి బయల్దేరే ముందు టూర్లు ఉన్నాయో లేదో కనుక్కోండి. టోపీ, నీళ్ళ సీసా మర్చిపోవద్దు, పైన చెట్టు నీడ పెద్దగా దొరకదు.