నో-ఏఎస్‌ఎం మీద బావగారితో మళ్ళీ తగవు

బావమరిది: శ్రోతలందరికీ నమస్కారం. సమాచారాన్ని గుప్తంగా మార్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీని వేర్వేరు ప్రాసెసర్ల కోసం ఎలా కాన్ఫిగర్ చేసుకోవాలో ఇవాళ చెప్పుకుందామని పోయినసారి మాట ఇచ్చాము. బావగారు పక్కనే ఒక బిల్డ్, అంటే సోర్స్ కోడ్‌ను ప్రోగ్రాముగా కట్టే పని, నడుపుతున్నారు, ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే మన్నించండి.

బావగారు: ఆ కాన్ఫిగర్ స్క్రిప్టును పర్ల్ భాషలో రాశారన్న సంగతి ముందే చెప్పు.

బావమరిది: ఒక్క నిమిషమైనా ఆగలేకపోయారు. సరే, పర్ల్‌లోనే రాశారు. దానికి మనం ఇవ్వవలసింది లక్ష్యం పేరు: ఇంటెల్, ఏఎండీ 64 బిట్ల యంత్రాలకు లైనక్స్-ఎక్స్86_64, 64 బిట్ల ఆర్మ్‌కు లైనక్స్-ఏఆర్చ్64, 32 బిట్ల ఆర్మ్‌కు లైనక్స్-ఆర్మ్‌వీ4. చివరి పేరులో 4 ఉన్నంత మాత్రాన అది పాత చిప్‌లకే పరిమితమని అనుకోకూడదు. అది కనీస హద్దు మాత్రమే, ఒకేసారి ఎక్కువ డేటా మీద పనిచేసే నియాన్ సూచనలు ఉన్న చిప్ మీద నియాన్ కోడే నడుస్తుంది.

బావగారు: పేరు ఇవ్వకపోతే స్క్రిప్టే ఊహించుకుంటుంది కదా.

బావమరిది: ఊహించుకుంటుంది. యూనేమ్ అనే ఆదేశాన్ని అడిగితే అది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ తరఫున జవాబు చెబుతుంది తప్ప, పైన ఉన్న ప్రోగ్రాముల, అంటే యూజర్‌ల్యాండ్ తరఫున కాదు. 64 బిట్ల కెర్నెల్ మీద 32 బిట్ల యూజర్‌ల్యాండ్ ఉన్న ఒక చిన్న బోర్డు మీద నేను పేరు ఇవ్వకుండా బిల్డ్ మొదలుపెడితే, అసెంబ్లీ కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే 32 బిట్ల అసెంబ్లర్ తనకు తెలియని సూచనలు చూసి తెర నిండా తప్పులు కక్కింది. అప్పుడు మీరు ఇచ్చిన సలహా ఏమిటో శ్రోతలకు చెప్పండి.

బావగారు: నో-ఏఎస్‌ఎం అని ఒక మాట చేర్చమన్నాను, ఒక్కో చిప్‌కు తగ్గట్టు రాసిన అసెంబ్లీ కోడ్‌ను వదిలేసి సీ కోడ్‌తోనే కట్టమని. బిల్డ్ అయిందా, లేదా?

బావమరిది: అయింది. తలనొప్పి తగ్గడానికి తల తీసేసినట్టుగా అయింది.

బావగారు: అంత మాట అనకు. అసెంబ్లీ లేని సీ కోడ్ ఏ చిప్ మీదైనా నడుస్తుంది. వేగం తగ్గితే తగ్గనీ, నీ ఇంటి సర్వరుకు వేగం దేనికి?

బావమరిది: వేగం సంగతి కాసేపు పక్కన పెడదాం. ఏఈఎస్ అనే గుప్తీకరణ పద్ధతికి ఈ లైబ్రరీ 3.0కు ముందు వెర్షన్లలో ఉన్న సాధారణ సీ కోడ్ ఒక్కొక్కటి ఒక కిలోబైటు ఉండే నాలుగు పట్టికలలో వెతికేది. ఎక్కడ వెతకాలన్నది రహస్య కీ మీద ఆధారపడుతుంది కనుక, ఏ పట్టిక భాగం ప్రాసెసర్ పక్కనే ఉండే వేగమైన క్యాష్ మెమరీలో ఉంది, ఏది లేదు అన్న తేడా పట్టే సమయంలో బయటపడుతుంది. ఆ సమయాన్ని కొలిచి కీని రాబట్టవచ్చని డేనియల్ బెర్న్‌స్టైన్ 2005లోనే చూపించాడు. ఏఈఎస్ పనిని నేరుగా చేసే ఏఈఎస్-ఎన్‌ఐ సూచనలు ఉన్న చిప్‌లో పట్టికలే అక్కరలేదు. అది లేని పాత ఇంటెల్ చిప్‌ల కోసం కూడా పట్టికలు వాడని అసెంబ్లీ కోడ్ ఈ లైబ్రరీలో ఉంది. మీ ఒక్క మాట ఆ రెండింటినీ తీసేస్తుంది.

బావగారు: మరి అసెంబ్లీతో కట్టినదాన్ని పాత యంత్రం మీద పెడితే అర్థంకాని సూచన దగ్గర ఆగి చచ్చిపోదా? నేను కళ్ళారా చూశాను.

బావమరిది: మీరు చూసిన చావుకు కారణం అసెంబ్లీ కాదు, మీరు కంపైలర్‌కు ఇచ్చిన మార్చ్-నేటివ్ అనే జెండా (ఫ్లాగ్). ఆ జెండాతో కంపైలర్ సీ కోడ్‌ను కూడా మీ కొత్త యంత్రానికే తగినట్టు మలుస్తుంది. లైబ్రరీ అసెంబ్లీ అలా చేయదు. నడిచే ముందు ప్రాసెసర్‌ను అడిగి, ఉన్న శక్తిని బట్టి దారి ఎంచుకుంటుంది. అందుకే రాస్ప్‌బెర్రీ పై 4కు, 5కు ఒకే బిల్డ్ సరిపోతుంది: 4లో ఏఈఎస్ సూచనలు లేవు, 5లో ఉన్నాయి.

బావగారు: ...ఆ జెండా పెట్టింది నేనే. ఒప్పుకుంటున్నాను. కానీ మెమరీ తప్పులు పట్టే శానిటైజర్లతో పరీక్షించేటప్పుడు, అసెంబ్లీ రాసిన బైట్లు వాటి కంటికి ఆనవు. అక్కడ నో-ఏఎస్‌ఎం కావాలి.

బావమరిది: అక్కడ కావాలి, నేనూ పెడతాను. పరీక్షకు కట్టినదాన్ని సర్వరులోకి పంపవద్దనే నా గొడవంతా.

బావగారు: అయితే ఆ అసెంబ్లీని ఎవరు పుట్టిస్తున్నారో కూడా చెప్పు. ఒకే పర్ల్ ఫైలు లైనక్స్‌కు ఒక రకంగా, మ్యాక్‌కు ఒక రకంగా, విండోస్‌లో నాజ్మ్ అనే అసెంబ్లర్‌కు ఇంకో రకంగా రాసిపెడుతుంది. ఆండీ పోల్యాకోవ్ చేసిన ఆ పని చూసైనా పర్ల్‌ను ఎగతాళి చేయడం మానాలి.

బావమరిది: ఆయన పనికి దండం పెడతాను, మీ పర్ల్‌కు పెట్టను. మిగిలినవి త్వరగా చెబుతాను. మరో యంత్రం మీద కట్టేవారు లక్ష్యం పేరుతో పాటు క్రాస్-కంపైల్-ప్రిఫిక్స్ ఇవ్వాలి, ఆర్మ్ 64కు అయితే ఏఆర్చ్64-లైనక్స్-జీఎన్‌యూ అని, చివర గీత మరిచిపోకుండా. పవర్ ప్రాసెసర్లలో పీపీసీ64, పీపీసీ64ఎల్‌ఈ వేర్వేరు, బైట్ల వరుస తిరగబడుతుంది. ఐబీఎం మెయిన్‌ఫ్రేములకు లైనక్స్64-ఎస్390ఎక్స్. రిస్క్-ఫైవ్...

బావగారు: రిస్క్-ఫైవ్‌కు ఒక ఎపిసోడ్ అంతా కావాలి.

బావమరిది: కావాలి. ఏ ఎంపికలతో కట్టారో అనుమానం వస్తే కాన్ఫిగ్‌డేటా ఫైలును డంప్ అనే మాటతో నడపండి, అన్నీ చెబుతుంది.

బావగారు: ఆ ఫైలు కూడా పర్ల్...

బావమరిది: తెలుసు బావగారూ! ఇంతకీ ఇప్పుడు నడుస్తున్న ఆ బిల్డ్‌కు మీరు ఏం ఇచ్చారు?

బావగారు: ఆగు, చూస్తాను. ...ఫ్యాన్ ఆగిపోయింది.

బావమరిది: పైకి జరపండి, మొదటి వరుస కనబడాలి.

బావగారు: రికార్డింగ్ ఆపు ముందు.