స్పానర్ పట్టుకునే ముందు: సైకిలు రిపేరుపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం అండీ, ఆదివారం ఫోన్-ఇన్‌కి స్వాగతం. ఈ వారం ఇంట్లోనే సైకిలు బాగుచేసుకోవడం గురించి మాట్లాడుకుందాం. సైకిలు షాపు నడిపే మేస్త్రీ గారు మనతో ఉన్నారు, పేరు మాత్రం చెప్పొద్దన్నారు. మేస్త్రీ గారూ, అందరూ ఇంట్లోనే చేసుకుంటే మీ గిరాకీ పోదా?

మేస్త్రీ: పోదండీ. ఇంట్లో విప్పేసి, మళ్లీ బిగించడం రాక గోనెసంచిలో వేసుకుని తెచ్చేవాళ్లతోనే నాకు సగం పని. నేను చెప్పేది ఒక్కటే, స్పానర్ పట్టుకునే ముందు ఐదు నిమిషాలు ఊరికే చూడండి. చప్పుడు తొక్కితేనే వస్తోందా, తొక్కకుండా వదిలేసినా వస్తోందా, చుట్టుకి ఒకసారా రెండుసార్లా అని. విప్పడం ఎంతసేపు!

యాంకర్: మొదటి కాల్ కనిగిరి నుంచి. చెప్పండి అన్నా.

శ్రోత (కనిగిరి): నమస్తే మేస్త్రీ గారూ. వెనక చక్రం పంచర్లతో చచ్చిపోతున్నా. ప్యాచులు, సొల్యూషన్ అన్నీ ఉన్నాయి, నేనే వేసుకుంటా. వేసిన మర్నాడో ఆ మర్నాడో మళ్లీ దిగిపోతుంది. ట్యూబు కూడా మార్చా, అయినా అంతే.

మేస్త్రీ: కొత్త పంచర్ పాత ప్యాచ్ పక్కనే పడుతోందా, ఎక్కడంటే అక్కడా?

శ్రోత (కనిగిరి): ఇంచుమించు అక్కడే. నా ప్యాచ్ సరిగ్గా అతకట్లేదేమో అనుకున్నా.

మేస్త్రీ: ప్యాచ్ తప్పు కాదు, మీ టైర్లో ముల్లు కూర్చుని ఉంది. పొలం గట్ల మీద తిరుగుతారు కదా, పల్లేరు కాయ గుచ్చుకుని కాయ రాలిపోతుంది, ముల్లు మొన మాత్రం టైర్లోనే విరిగిపోతుంది. తుమ్మ ముల్లూ అంతే. బయట నుంచి కనపడదు. గాలి నిండగానే లోపలికి పొడుచుకొస్తుంది. దూది ఉండ తీసుకుని టైరు లోపలి వైపు చుట్టూ మెల్లగా తిప్పండి, ముల్లున్న చోట దూది పోగు పట్టుకుంటుంది. వేలు పెట్టొద్దు, గాజుపెంకైతే కోస్తుంది. ఇంకో సంగతి, ట్యూబు బయటికి తీసేముందు వాల్ ఉన్న చోట టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టండి. ట్యూబులో చిల్లు దొరికాక వాల్ నుంచి ఎన్ని జానలో కొలిస్తే, టైర్లో ముల్లు ఎక్కడుందో తేలిపోతుంది.

యాంకర్: రిమ్ము వైపు చిల్లు పడితే?

మేస్త్రీ: అది ముల్లు కాదు, స్పోకు మొన. రిమ్ములో రబ్బరు పట్టీ పక్కకి జరిగి ఉంటుంది, సరిచేసుకోవాలి. రెండు చిన్న గాట్లు పక్కపక్కన, పాము కాటేసినట్టు ఉంటే మాత్రం గాలి తక్కువతో గుంతలో పడేశారని. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చేసి ఉంటుంది, ఎవరూ చదవరు. ప్యాచ్ సంగతి కూడా చెప్పేస్తా. ట్యూబుని గరుకు కాగితంతో బాగా రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, ఐదు నిమిషాలు ఆగాలి. తడి పోయి మెరుపు తగ్గాక అతికించాలి. అందరూ తడి మీదే అతికిస్తారు, అక్కడే దెబ్బతింటారు.

యాంకర్: తర్వాత తాడేపల్లిగూడెం. చెప్పండి.

శ్రోత (తాడేపల్లిగూడెం): ఎడమ పెడలు విరిగిందండీ, కొత్త జత కొనుక్కొచ్చా. పాతది ఊడి చావట్లేదు. స్పానర్‌కి పైపు తొడిగి దాని మీద నిలబడ్డా కూడా.

మేస్త్రీ: నిలబడకండి బాబూ! ఎటు తిప్పుతున్నారు?

శ్రోత (తాడేపల్లిగూడెం): అన్ని నట్లూ తిప్పినట్టే, ఎడమకి...

మేస్త్రీ: అంటే బిగిస్తున్నారన్నమాట. ఎడమ పెడలు మర తిరకాసు, మిగతా నట్లకి ఎదురు తిరుగుతుంది. తొక్కేకొద్దీ వదులైపోకుండా అలా తిప్పి కోస్తారు. ఎడమా కుడీ గుర్తుంచుకోవడం కష్టంగానీ, స్పానర్‌ని పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగండి, ఏ పెడలైనా వదులవుతుంది. అలా లాగితే క్రాంకు, అంటే పెడలు బిగించే కడ్డీ, వెనక్కి ఊరికే తిరిగిపోతుంది కాబట్టి అవతలి పెడల్ని ఇంట్లో ఎవరినన్నా గట్టిగా పట్టుకోమనండి. ముందు మర దగ్గర రెండు చుక్కలు నూనె వేసి కాసేపు వదిలేయండి.

శ్రోత (తాడేపల్లిగూడెం): అమ్మో, ఇంతసేపూ బిగించానా! ఉండండి, చూసి మళ్లీ చేస్తా.

యాంకర్: సరే, మీ కోసం చూస్తాం. ఇప్పుడు కరీంనగర్ నుంచి పెద్దాయన.

శ్రోత (కరీంనగర్): నమస్తే. మా నాయన సైకిల్ బాబూ, 22 ఇంచుల ఫ్రేము, రాడ్ బ్రేకులు. మనవడి కోసం బయటికి తీసిన. గాలి కొడితే తెల్లారేసరికి మెత్తబడుతది. ట్యూబు నీళ్లల్ల ముంచి చూసిన, ఒక్క బుడగ రాలె.

మేస్త్రీ: ఎన్నేళ్లు మూలన పడి ఉంది పెదనాన్నా?

శ్రోత (కరీంనగర్): ఓ పదేండ్లుంటది.

మేస్త్రీ: ట్యూబు జోలికి పోకండి. వాల్ విప్పండి, దాని మీద సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది చూడండి, వాల్ ట్యూబ్ అంటాం, అది ఎండి పగిలి ఉంటుంది. ఊడదీసి కొత్తది తొడగండి, తొడిగేటప్పుడు కాస్త ఉమ్మి రాస్తే జారుతుంది. గాలి కొట్టాక వాల్ మూతి మీద కూడా ఉమ్మి పెట్టి చూడండి, బుడగ ఉబ్బితే అక్కడే కారుతోందని. మీ నాన్నగారూ అట్లాగే చూసి ఉంటారు.

శ్రోత (కరీంనగర్): చూసెటోడు, నిజమే! ఇంకొకటి, తొక్కితే చుట్టుకొకసారి టక్కుమంటది.

మేస్త్రీ: రెండు పెడళ్లూ ఒక వరసలో ఉన్నాయా, ఒకటి కాస్త ఒరిగినట్టుందా?

శ్రోత (కరీంనగర్): ఎడమది జర కిందికే ఉన్నట్టుంది.

మేస్త్రీ: క్రాంకుని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను అరిగింది. చవక వస్తువే, కానీ దాన్ని కొట్టి దింపేటప్పుడు క్రాంకు కింద గట్టి చెక్క దిమ్మె ఆనించాలి, లేకపోతే ఆ దెబ్బ లోపలి ఇరుసుకీ బాల్స్‌కీ తగులుతుంది. నట్టు పూర్తిగా తీసేయకుండా పిన్ను చివరికి సమంగా ఉంచి కొట్టండి, మర చెడదు. ఫ్రీవీలు, అదే వెనక చక్రం పళ్లచక్రం, మాత్రం విప్పకండి. లోపల వెంట్రుకంత స్ప్రింగులు, ఆవగింజల్లాంటి బాల్సు, ఒకటి మంచం కిందకి దొర్లిందంటే మనవడి సంబరం అయిపోయినట్టే. పల్చటి నూనె నాలుగు చుక్కలు వేసి వెనక్కి తిప్పండి, చాలు. టైరు పక్కన పగుళ్లుంటే అది మార్చాల్సిందే, 28 ఒకటిన్నర అని అడగండి.

యాంకర్: పాలకొండ నుంచి ఒక పాప లైన్లో ఉంది.

శ్రోత (పాలకొండ): అంకుల్, మా అక్కకి బళ్లో ఇచ్చిన సైకిలు, ఇప్పుడు నాది. చైను ఊడిపోతోంది, రోజుకి రెండుసార్లు. యూనిఫాం అంతా గ్రీజే. అమ్మ తిడుతోంది.

మేస్త్రీ: ఏ తరగతి తల్లీ? తొమ్మిదా? స్కేలుందా, 12 అంగుళాల పెద్ద స్కేలు? చైను మీద ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టు. 12 దగ్గర కూడా సరిగ్గా ఒక పిన్ను మధ్య పడాలి. ఆ పిన్ను గీత దాటి మూడు మిల్లీమీటర్లు అవతలికి పోయిందంటే చైను అరిగి సాగింది, కొత్తది కొనాల్సిందే. దాటకపోతే వదులు మాత్రమే. నాన్నని పిలిచి వెనక చక్రం రెండు నట్లూ వదులు చేయించి, చక్రాన్ని వెనక్కి లాగండి. చైను మధ్యలో వేలితో ఎత్తితే అర అంగుళం ఆడాలి. ఇంకా బిగువుగా పెడితే తొక్కలేవు. పెడలు తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడు, ఒక చోట బిగువు, ఒక చోట వదులు ఉంటాయి. బిగువున్న చోట అర అంగుళం చూసుకో. నట్లు బిగించేముందు చక్రం ఫ్రేము మధ్యలోనే ఉందా అని వెనక నుంచి చూడాలి.

శ్రోత (పాలకొండ): చైన్‌లో ఒక చోట క్లిప్పులాగా ఉంది అంకుల్.

మేస్త్రీ: భలే చూశావు! అది చైన్ లాక్. చేపలా ఉంటుంది కదా, తోక వైపు చీలిక. చేప తల ముందుకి, అంటే తొక్కేటప్పుడు చైను పోయే వైపుకి ఉండాలి. తోక ముందుంటే ఎక్కడో తగులుకుని ఊడొస్తుంది.

యాంకర్: విశాఖ బీచ్ రోడ్డు పక్క నుంచి ఇప్పుడు.

శ్రోత (విశాఖ): చైను తుప్పండీ. వారానికోసారి కొబ్బరి నూనె పోస్తున్నా, ఇంకా నల్లగా జిగురుగా తయారైంది.

మేస్త్రీ: కొబ్బరి నూనె తలకి రాసుకోండమ్మా. చైన్‌లో పోస్తే ఇసకని పట్టుకుని సానరాయిలా అరగదీస్తుంది. మా షాపుల్లో ఓవరాయిలింగ్ అంటాం చూశారా, అసలు మాట ఓవర్‌హాలింగే, అంటే అంతా విప్పి శుభ్రం చేసి బిగించడం, ఆ 'ఆయిల్' విని అందరూ నూనె పోయడమే అనుకున్నారు! కిరసనాయిలు గుడ్డకి అద్ది చైను తుడవండి, పొయ్యి దగ్గర కాదు, ఆరుబయట. బాగా ఆరాక ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేసి, పెడలు కాసేపు తిప్పి, పైన కనిపించే నూనెంతా పొడిగుడ్డతో తుడిచేయండి. పని లోపల ఉంది, పైన కాదు. రిమ్ముకీ బ్రేకు రబ్బర్లకీ నూనె చుక్క కూడా తగలకూడదు. మీకు ఉప్పుగాలి కాబట్టి బీచ్ నుంచి రాగానే తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ.

యాంకర్: హైదరాబాద్ నార్సింగి నుంచి గేర్ల సైకిలాయన. సోలార్ పలకల కప్పున్న సైకిల్ ట్రాక్ మీద తొక్కుతారట.

శ్రోత (నార్సింగి): అవునండీ, 23 కిలోమీటర్లుంది కదా, ఎండ తగలదు, పొద్దున్నే పోతా. కొత్త సైకిలే, నెల కాలేదు. పెద్ద పళ్లచక్రానికి ఎక్కమంటే ఎక్కడానికి టైం తీసుకుంటోంది. యూట్యూబ్ చూసి స్క్రూలు రెండూ తిప్పా, ఇంకా పాడైంది.

మేస్త్రీ: ఆ హెచ్, ఎల్ స్క్రూలా? అవి గేరు మార్చడానికి కాదండీ, చైను అవతలికి పడిపోకుండా ఆపే హద్దులు. వాటిని షాపులో సరిచేయించుకోండి, తప్పుగా ఉంటే చైను స్పోకుల్లో పడుతుంది. మీకు కావలసింది వెనక కేబులు చివర చేత్తో తిప్పే చిన్న గుండ్రటి మర. కొత్త కేబులు మొదట్లో కాస్త వదులవుతుంది. ఆ మరని పావు చుట్టు బయటికి, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పి, గేరు మార్చి చూడండి. చాలకపోతే ఇంకో పావు. సైకిలు కుడివైపు ఎప్పుడైనా పడిందా?

శ్రోత (నార్సింగి): స్టాండు జారి ఒకసారి...

మేస్త్రీ: అట్లా చెప్పండి! వెనక నిలబడి చూడండి, గేరు వేలాడే కొక్కెం చక్రం వైపు వంగి ఉంటే ఎన్ని మరలు తిప్పినా లాభం లేదు. దాన్ని చేత్తో వంచొద్దు, షాపుకి తీసుకెళ్లండి. ముందు ఫోర్కు వంగినా, ఫ్రేము అతుకు దగ్గర సన్నటి పగులు కనిపించినా అంతే, తొక్కడం ఆపేయాలి.

యాంకర్: మూడు నిమిషాలే ఉంది... తాడేపల్లిగూడెం మళ్లీ వచ్చింది! ఏమైంది?

శ్రోత (తాడేపల్లిగూడెం): వచ్చేసిందండీ! వెనక్కి లాగగానే కిర్రుమని వదిలింది. అటు మా ఆవిడ పట్టుకుంది.

మేస్త్రీ: ఇప్పుడు కొత్తదాని మరకి గ్రీజు రాసి, ముందు చేత్తోనే తిప్పండి. రెండు మూడు చుట్లు చేత్తో తిరగలేదంటే ఆపేయండి, స్పానర్‌తో తోశారో క్రాంకు మర పోతుంది.

శ్రోత (తాడేపల్లిగూడెం): చేత్తో తిరగట్లేదే...

మేస్త్రీ: ఇరుసు చివర ఏ అక్షరం ఉంది?

శ్రోత (తాడేపల్లిగూడెం): ఉండండి, కళ్లజోడు... ఆర్ అండీ.

మేస్త్రీ: అది కుడిది. అట్టపెట్టెలో రెండోది చూడండి, ఎల్ అని ఉంటుంది.