కోత లేని ప్రోస్టేట్ చికిత్స: రోగికి ఎవరు చెప్పాలి?

వ్యాఖ్యాత: నమస్కారం. ‘కోత లేదు, కుట్లు లేవు, సాయంత్రానికి ఇంటికి’ అంటూ ప్రోస్టేట్ ఎంబోలైజేషన్ ప్రకటనలు హోరెత్తుతున్నాయి. వయసుతో పెరిగి మూత్రానికి అడ్డుపడే ప్రోస్టేట్ గ్రంథిని, దానికి రక్తం తెచ్చే నాళాన్ని మూసి కుంచింపజేసే చికిత్స ఇది. యూరాలజిస్టులు, అంటే మూత్ర సంబంధ శస్త్రచికిత్స నిపుణులు మండిపడుతున్నారు. ఇరుపక్షాలకూ సమాన సమయం ఇస్తాం. ఈ ఎంబోలైజేషన్ చేసే రేడియాలజిస్టు గారూ, ముందు మీరు చెప్పండి.

రేడియాలజిస్టు: మణికట్టు దగ్గరో గజ్జ దగ్గరో ఆ చోటు వరకే మత్తు ఇచ్చి, ధమనిలోకి సన్నని గొట్టం పంపిస్తాం. ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ గ్రంథికి రక్తం తెచ్చే కొమ్మ దాకా వెళ్లి, అర మిల్లీమీటరు కూడా ఉండని పూసలు వదులుతాం. రక్తం అందక గ్రంథి కొన్ని వారాల్లో కుంచించుకు...

యూరాలజిస్టు: కొన్ని వారాల్లో! ఆ మాట ప్రకటనలో ఉందా?

రేడియాలజిస్టు: నన్ను పూర్తి చేయనివ్వండి...

యూరాలజిస్టు: మూత్రం ఆగిపోయి విలవిల్లాడుతూ వచ్చిన మనిషికి వారాలు ఎక్కడివి? టీయూఆర్‌పీ అనే మా శస్త్రచికిత్సలో అడ్డంగా పెరిగిన భాగాన్ని మూత్రమార్గం గుండానే తొలగిస్తాం. మూత్రపు గొట్టం తీయగానే ధారలో తేడా తెలుస్తుంది.

వ్యాఖ్యాత: నా ప్రశ్న అది కాదండీ. ఇలాంటి పద్ధతి ఉందని రోగికి ఎందుకు చెప్పరు?

యూరాలజిస్టు: చెబుతాం. లెక్కలతో సహా చెబుతాం. స్విట్జర్లాండ్‌లో 103 మందిపై చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. ధార వేగంలో శస్త్రచికిత్సదే పైచేయి. రెండేళ్లు తిరిగేసరికి ఎంబోలైజేషన్ చేయించుకున్నవారిలో 21 శాతం మందికి టీయూఆర్‌పీ చేయవలసి వచ్చింది. ఐదుగురిలో ఒకరు!

రేడియాలజిస్టు: మిగతా నలుగురి సంగతి? 12 వారాలకు లక్షణాల ఉపశమనం రెండింటిలోనూ దగ్గరదగ్గరగానే ఉంది. రక్తస్రావం మా పద్ధతిలోనే తక్కువ. వీర్యం మూత్రాశయంలోకి వెనక్కి పోయే ఇబ్బంది కూడా...

రోగి: ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. టీయూఆర్‌పీ ఆపరేషన్ తర్వాత రాత్రిళ్లు నిద్ర పడుతోంది, కాదనను. కానీ వీర్యం రాకపోయేసరికి ఏదో తప్పు జరిగిందని భయపడ్డాను. భార్యకు కూడా చెప్పుకోలేకపోయాను.

వ్యాఖ్యాత: చూశారా! ఎందుకు చెప్పరు?

యూరాలజిస్టు: చెప్పి తీరాలి. మరి అవతలివారు? వయసు మళ్లినవారి ధమనులు మెలికలు తిరిగి, గట్టిపడి ఉంటాయి. పూస దారి తప్పితే మూత్రాశయానికో పురీషనాళానికో అంగానికో రక్తం తగ్గిపోతుంది.

రేడియాలజిస్టు: అది అరుదు. అందుకే ముందుగానే స్కాన్...

యూరాలజిస్టు: అరుదైతే చెప్పనక్కర్లేదా? మేం తీసిన ముక్కలను పరీక్షకు పంపిస్తే దాగిన క్యాన్సర్ బయటపడవచ్చు. మీరేం పంపిస్తారు?

రేడియాలజిస్టు: పీఎస్ఏ అనే రక్తపరీక్ష, అవసరమైతే ఎంఆర్ఐ ముందే చేయిస్తాం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే ఈ పూసలకు అనుమతి...

యూరాలజిస్టు: అనుమతి వేరు, అందరికీ అదే మొదటి చికిత్స కావడం వేరు! అమెరికా యూరాలజీ సంఘం 2023 దాకా దీన్ని పరిశోధనలకే పరిమితం చేయమంది. ఇప్పటికీ ‘చేయవచ్చు’ అంటోందే తప్ప, ‘చేయండి’ అనడం లేదు.

రోగి: మా తమ్ముడికి మొన్న జలుబు మాత్ర వేసుకున్నాక మూత్రం ఆగిపోయింది. అదీ ఈ గ్రంథి వల్లేనా?

యూరాలజిస్టు: అవును! ముక్కు దిబ్బడ తగ్గించే కొన్ని మందులు మూత్రాశయ ద్వారాన్ని బిగిస్తాయి. గ్రంథి పెరిగినవారు డాక్టరును అడగకుండా వాటి జోలికి పోకూడదు.

వ్యాఖ్యాత: ఇదీ ఎవరూ చెప్పరు! రేడియాలజిస్టు గారూ, అర నిమిషం.

రేడియాలజిస్టు: పూర్తి మత్తు తట్టుకోలేని గుండె జబ్బువారు, రక్తం పలుచబరిచే మందులు ఆపలేనివారు, గ్రంథి మరీ పెద్దదైనవారు... వీరికైనా ఈ దారి...

యూరాలజిస్టు: వీరికి సరే, నేనూ పంపిస్తాను. అందరికీ అంటేనే నా అభ్యంతరం. మొదట మాత్రలు, తర్వాత...

రోగి: మరి మా తమ్ముడికి ఏది మంచిది?

యూరాలజిస్టు: పరీక్షలు చూడకుండా ఎలా చెబుతాం? ముందు మా దగ్గరికి...

రేడియాలజిస్టు: ఇద్దరినీ కలవమని చెప్పండి!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.)

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. రోగికి ఎందుకు చెప్పరన్న ప్రశ్న అలాగే...

యూరాలజిస్టు: ఒక్క మాట, ఆ 21 శాతం మాత్రం...