గీత దాటిన అభ్యర్థి, పూచీకత్తు అడిగే ఓటరు

సభకు నమస్కారం.

అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా, అక్కడ స్థిరపడిన మనవాళ్లు ఫోన్ చేస్తే ఇక్కడి పెద్దవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఫలానా నాయకుడు తన పార్టీ ఇన్నేళ్లుగా చెబుతున్నదానికి అడ్డంగా మాట్లాడుతున్నాడు కదా, ఆ పార్టీవాళ్లే అతనికి ఎలా ఓటేస్తున్నారు? ఈ సందేహం మనకు సహజంగానే కలుగుతుంది. మన దగ్గర టికెట్ ఎవరికివ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది గనుక, పార్టీ సిద్ధాంతానికి దూరం జరిగిన మనిషి సంగతి ఓటరు దాకా రాకముందే గదిలో తేలిపోతుంది. అక్కడ అలా కాదు. ప్రైమరీ ఎన్నికల్లో పార్టీ సానుభూతిపరులే రాష్ట్రం తరువాత రాష్ట్రంలో వరుసలో నిలబడి అభ్యర్థిని ఎంచుకుంటారు. అందుచేత గీత దాటినవాణ్ని క్షమించాలా వద్దా అన్నది అక్కడ సాధారణ ఓటరే తేల్చవలసిన విషయం.

ఓటర్లు ఇలాంటివాటిని చూసీచూడనట్టు పోతారని చాలామంది విశ్లేషకులు అంటారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. నాకు తెలిసినంతవరకు ఓటరు చూస్తాడు, గుర్తుపెట్టుకుంటాడు, ఆ తరువాత అభ్యర్థిని పూచీకత్తు అడుగుతాడు. అది ఇచ్చినవాడు నెగ్గుకొస్తాడు, ఇవ్వలేనివాడు మిగిలిపోతాడు. ఈ మాటను నిలబెట్టడానికి ఒకే నగరం నుంచి వచ్చిన ఇద్దరు రిపబ్లికన్ల కథ మీ ముందు పెడతాను.

మొదటివాడు రూడీ జూలియానీ. న్యూయార్క్ మేయరుగా 8 ఏళ్లు పనిచేసి, 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. 2007లో చాలా నెలలపాటు రిపబ్లికన్ ఓటర్ల జాతీయ సర్వేల్లో ముందున్నది ఆయనే. అయితే గర్భస్రావ హక్కు విషయంలోనూ, తుపాకుల నియంత్రణ విషయంలోనూ, స్వలింగ జంటల విషయంలోనూ ఆయన అభిప్రాయాలు ఉదారంగా ఉండి, పార్టీ సంప్రదాయ విశ్వాసాలకు ఎడంగా ఉండేవి. ఆ ఏడాది మే 3న, కాలిఫోర్నియాలోని రీగన్ గ్రంథాలయంలో 10 మంది అభ్యర్థులు ఒకే వేదిక మీద నిలబడ్డారు. గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును సుప్రీంకోర్టు కొట్టేస్తే ఆ రోజు అమెరికాకు మంచి రోజవుతుందా అని నిర్వాహకుడు అడిగాడు. చాలామంది ఆ మాటను సంతోషంగా స్వాగతించారు. ఒకరైతే మహత్తరమైన రోజవుతుందన్నారు. జూలియానీ మాత్రం ఫర్వాలేదన్నాడు. ఆ తీర్పును కొట్టేసినా ఫర్వాలేదు, న్యాయమూర్తులు దానిని పూర్వ తీర్పుగా గౌరవించి ఉంచేసినా ఫర్వాలేదు అన్నది ఆయన సమాధాన సారాంశం.

ఆ ‘ఫర్వాలేదు’ దగ్గర కాస్త ఆగుదాం. 30 ఏళ్లకు పైగా ఈ తీర్పుకు వ్యతిరేకంగా ఊరేగింపులు తీసి, చర్చిలో సంతకాలు సేకరించి, ప్రతి ఎన్నికకూ ఇంటింటికీ తిరిగిన కార్యకర్తకు అది ఎలా వినిపించి ఉంటుంది? జూలియానీ భిన్నాభిప్రాయం కలిగి ఉండటం ఒక్కటే అతన్ని కష్టపెట్టలేదని నా నమ్మకం. అతనికి ప్రాణప్రదమైన విషయం అభ్యర్థికి ఎటైనా ఒకటే అనిపించడమే గుండెల్లో గుచ్చుకుంది. ఆ నవంబరులో టీవీ మతప్రచారకుడు పాట్ రాబర్ట్‌సన్ జూలియానీకి మద్దతు ప్రకటించాడు. నాయకుడు వచ్చాడు గానీ, వెనక జనం రాలేదు. అభ్యర్థిని ఎంచుకోవడానికి జరిగే కాకస్ అనే పార్టీ సభలకు వచ్చే రిపబ్లికన్లలో సగానికి మించి, బైబిలే ప్రమాణమనే ఎవాంజెలికల్ క్రైస్తవులే ఉండే తొలి రాష్ట్రం అయోవాను ఆయన దాదాపుగా వదిలేసి, ఆశలన్నీ ఫ్లోరిడా మీద పెట్టుకున్నాడు. 2008 జనవరి 29న అక్కడ మూడో స్థానంలో మిగిలి, మరునాడే బరి నుంచి తప్పుకున్నాడు. తొలి రాష్ట్రాలను వదులుకోవడం వ్యూహలోపమని అంటారు, నిజమే. కానీ ఆ రాష్ట్రాలకు ఆయన ఎందుకు వెళ్లలేకపోయాడో కూడా అడగాలి కదా.

అదే ఏడాది పార్టీ అభ్యర్థిగా నెగ్గిన సెనేటర్ జాన్ మెకెయిన్ కూడా గీత దాటినవాడే. 2001లోనూ 2003లోనూ తన పార్టీవాడే అయిన అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ పన్ను కోతలకు వ్యతిరేకంగా ఓటేశాడు. డెమొక్రాట్ ఎడ్వర్డ్ కెనడీతో కలిసి, అనుమతి లేకుండా వచ్చినవారికి చట్టబద్ధత కల్పించే వలసల సంస్కరణ బిల్లు తెచ్చాడు. ఆ బిల్లు వల్ల 2007 వేసవిలో ఆయన ప్రచారం దాదాపు కుప్పకూలింది. అక్కడి నుంచి ఆయన పైకి వచ్చిన తీరు గమనించదగినది. జనం చెప్పింది అర్థమైందనీ, ముందు సరిహద్దును భద్రం చేస్తాననీ ఆయన బహిరంగంగా ఒప్పుకున్నాడు. గర్భస్రావానికి వ్యతిరేకంగా సెనేట్‌లో ఆయన వేసిన ఓట్లు, ఇరాక్‌కు అదనపు సేనలు పంపాలని ఎవరికీ రుచించని రోజుల్లో పట్టుబట్టిన వైనం పూచీకత్తుగా పనికొచ్చాయి. అయినా ఫిబ్రవరిలో సంప్రదాయవాదుల వార్షిక సదస్సులో ఆయన వలసల మాట ఎత్తగానే సభలో వ్యతిరేక కేకలు వినిపించాయి. పార్టీ అభ్యర్థిత్వం దాదాపు చేతికందిన మనిషికి జరిగిన మర్యాద అది! వాళ్లు మరచిపోలేదు, లెక్క చూసుకుని సర్దుకున్నారు, అంతే.

ఇక రెండో న్యూయార్కర్ డొనాల్డ్ ట్రంప్. 2016 ఫిబ్రవరి 13న దక్షిణ కెరొలైనాలోని గ్రీన్‌విల్‌లో జరిగిన చర్చలో, ఇరాక్ యుద్ధం పెద్ద తప్పనీ, అక్కడ మారణాయుధాలు ఉన్నాయని జనానికి అబద్ధం చెప్పారనీ ఆయన అన్నాడు. బుష్ కుటుంబానికి ఎంతో ఆదరణ ఉన్న రాష్ట్రంలో, మాజీ అధ్యక్షుడి తమ్ముడు జెబ్ బుష్ అదే వేదిక మీద ఉండగా అన్న మాట ఇది. హాల్లో కేకలు మిన్నుముట్టాయి. ఇక ఆయన పని అయిపోయిందని అనుభవజ్ఞులు అనుకున్నారు. సరిగ్గా వారానికి, ఫిబ్రవరి 20న, ఆ రాష్ట్రం ఆయన్నే గెలిపించింది. వృద్ధులకు పింఛనిచ్చే సోషల్ సెక్యూరిటీలో, వైద్యం అందించే మెడికేర్‌లో కోత పెట్టనన్నాడు, స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలను తిట్టిపోశాడు. ఆ కోతలూ, స్వేచ్ఛా వాణిజ్యమూ పార్టీ పెద్దలకు పవిత్రమైన విషయాలే. కానీ ఫ్యాక్టరీ మూతపడ్డ ఊళ్లో పింఛను మీద బతికే రిపబ్లికన్ ఓటరుకు ఆ వాణిజ్య ఒప్పందాలు ఎప్పుడు పవిత్రమయ్యాయి? పార్టీ సిద్ధాంతమని మనం పిలిచేదానిలో కొంత భాగం నాయకుల సొత్తు, కొంత భాగమే ఓటర్ల సొత్తు. ట్రంప్ తెంచుకున్నవాటిలో ఎక్కువ మొదటి రకానివి. జూలియానీ తెంచుకున్నది రెండో రకానిది.

రెండో రకం విషయంలో ట్రంప్ ఏం చేశాడన్నదే అసలు కథ. ఆయన కూడా ఒకప్పుడు గర్భస్రావ హక్కును సమర్థించినవాడే. గ్రీన్‌విల్ చర్చ జరిగిన రోజునే సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆంటనిన్ స్కాలియా మరణించాడు, ఆ స్థానం ఖాళీ అయింది. మే నెలలో ట్రంప్ ఎవరూ అంతకుముందు చేయని పని చేశాడు. సుప్రీంకోర్టు న్యాయమూర్తుల పేర్లు ప్రతిపాదించేది అధ్యక్షుడే గనుక, తాను ఎవరెవరిలోంచి ఎంపిక చేస్తాడో 11 పేర్లతో జాబితా ప్రకటించాడు. సెప్టెంబరులో దానిని పెంచాడు. మధ్యలో ఎవాంజెలికల్ అయిన మైక్ పెన్స్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా తీసుకున్నాడు. నా మనసులో ఏముందో మీకు అనవసరం, ఇదిగో పత్రం, దీని మీద నన్ను నిలదీయండి అన్నట్టుగా ఉంది ఆ జాబితా. నవంబరులో తెల్లజాతి ఎవాంజెలికల్ ఓటర్లలో ప్రతి 5 మందిలో దాదాపు 4 మంది ఆయనకు ఓటేశారు. అప్పు ఇచ్చేవాడు మనిషి ముఖం చూసి కాక కాగితం చూసి ఇచ్చినట్టు!

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఓటర్లు క్షమించారని మనం అంటున్నప్పుడు ఎంతమంది క్షమించారో చూడాలి. 2016లో దక్షిణ కెరొలైనాలో ట్రంప్‌కు వచ్చినవి దాదాపు మూడో వంతు ఓట్లే. మిగతావి ఐదుగురి మధ్య చీలిపోయాయి, పార్టీ మహాసభలో అభ్యర్థిని ఖరారు చేసే ఆ రాష్ట్రపు 50 మంది ప్రతినిధులూ ఆయన ఖాతాలోకే వెళ్లారు. 2008లో మెకెయిన్ ఫ్లోరిడాలో గెలిచింది 36 శాతంతో. మొదట క్షమించేది మూడో వంతు మందే. గెలుపు ఖాయమయ్యాక మిగతావాళ్లు వెంట నడుస్తారు.

నడవడమే కాదు, అభిప్రాయాలూ మార్చుకుంటారు. 2019లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ ఆచార్యులిద్దరు ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఒకే విధానాన్ని ట్రంప్ సమర్థిస్తున్నాడని కొందరికి, వ్యతిరేకిస్తున్నాడని మరికొందరికి చెప్పి చూస్తే, రిపబ్లికన్లలో గణనీయమైన భాగం ఆయన ఎటు మొగ్గితే అటే మొగ్గారు. నా వాదనను బలహీనపరిచే సాక్ష్యం ఇదేనని నిజాయతీగా ఒప్పుకుంటాను. ఆ ధోరణి నన్ను కలవరపెడుతుంది కూడా.

డెమొక్రాట్లలోనూ ఈ కథ ఉంది. 1968 నుంచి 1988 దాకా 6 ఎన్నికల్లో 5 ఓడిపోయిన పార్టీ, పార్టీ గీతకు భిన్నంగా మరణశిక్షను సమర్థిస్తూ సంక్షేమ పథకాల స్వరూపాన్నే మారుస్తానన్న బిల్ క్లింటన్‌ను 1992లో నెత్తిన పెట్టుకుంది. అదే ఏడాది అవతలి పక్షంలో, కొత్త పన్నులు వేయనని మాటిచ్చి 1990లో ఆ మాట తప్పిన అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్‌ను న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో 37 శాతం మంది, ప్రత్యర్థి పాట్రిక్ బుకానన్‌కు ఓటేసి, సంజాయిషీ అడిగారు. ముందే చెప్పి గీత దాటడం వేరు, గీత మీద ప్రమాణం చేసి దాటడం వేరు.

చివరిగా 2024. ట్రంప్ నియమించిన ముగ్గురు న్యాయమూర్తుల బలంతో 2022 జూన్ 24న రో తీర్పు రద్దయింది. పూచీకత్తు చెల్లిపోయింది. 2024 ఏప్రిల్‌లో ఆయన ఈ విషయం రాష్ట్రాలకే వదిలేస్తానన్నాడు, జూలైలో పార్టీ ప్రణాళికలో దేశవ్యాప్త నిషేధపు మాట కూడా పోయింది. ఆ నవంబరులో మిస్సోరీ ఓటర్ల చేతికొచ్చిన కాగితం మీద పైన అధ్యక్ష అభ్యర్థుల పేర్లున్నాయి, కింద గర్భస్రావ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే సవరణ ఉంది. ట్రంప్‌కు 58 శాతం పైగా ఓట్లు వచ్చాయి. సవరణ కూడా 50 శాతం దాటి గెలిచింది. అరిజోనాలో సవరణకు వచ్చిన ఆదరణ ట్రంప్‌కు వచ్చిన దానికంటే ఎక్కువ. అంటే లక్షలమంది అదే నిమిషంలో, అదే చేత్తో ఆ అభ్యర్థికీ, ఆయన పార్టీ 40 ఏళ్లకు పైగా ఎదిరించిన హక్కుకూ గుర్తు పెట్టారు. గీత దాటినవాడు అభ్యర్థి ఒక్కడే అనుకుంటూ ఈ ప్రసంగం మొదలుపెట్టాను. ఆ ఓటర్లను ఏ గీతకు ఏ వైపున నిలబెట్టాలో, ఇప్పుడు మీతో కలిసి చర్చించాలని ఉంది.