కెటమిన్ ఎక్కేటప్పుడు పక్కన ఎవరుంటారు?

అందరికీ నమస్కారం. నేను మానసిక వైద్యుణ్ణి కాదు, మత్తు డాక్టర్ని. మన గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రి పక్కన ఆసుపత్రి. ఆ థియేటర్లలోనే నా సర్వీసంతా గడిచింది. డిప్రెషన్‌కి కెటమిన్ అనే మత్తుమందు ఇస్తారనగానే భయపడేవాళ్లూ, ఒక్క ఇంజెక్షన్‌తో అంతా పోతుందనుకునేవాళ్లూ ఇద్దరూ నా దగ్గరికి వస్తున్నారు. అందుకే ఈ మాటలు.

కెటమిన్ కొత్త మందు కాదు. 1962లో అమెరికాలో పార్క్-డేవిస్ కంపెనీ కోసం కాల్విన్ స్టీవెన్స్ తయారుచేశారు. 1970లో అక్కడ మత్తుమందుగా అనుమతి వచ్చింది. మామూలుగా ఊపిరి ఆగదు, బీపీ పడిపోదు. కాలిన పిల్లలకి కట్టు మార్చాలంటే మా చెయ్యి దీని మీదికే వెళ్లేది.

నేను పనిలో చేరిన కొత్తల్లో ఒకామెకి చిన్న ఆపరేషన్‌కి ఇది ఇచ్చాను. అయిపోయాక స్ట్రెచర్ మీదికి మారుస్తూ మేం గట్టిగా మాట్లాడుకుంటున్నాం, ట్రేలు ఖంగుమంటున్నాయి. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి, కనుగుడ్లు అటూఇటూ కొట్టుకుంటున్నాయి. ఉన్నట్టుండి "పడేస్తున్నారు, నన్ను పడేస్తున్నారు" అని ఒకటే ఏడుపు. థియేటర్లో పనిచేసే ఆయమ్మ వచ్చి లైటు ఆర్పేసి, ఆమె అరచెయ్యి పట్టుకుని, "ఇక్కడే ఉన్నాను తల్లీ" అంటూ కూర్చుంది. కాసేపటికి ఆ ఏడుపు ఆగింది. తప్పు నాది. మందు ఇచ్చాను గానీ, మనిషిని చూసుకోలేదు.

ఇక డిప్రెషన్ సంగతి. కనీసం రెండు మందులు, సరైన మోతాదులో, తగినన్ని వారాలు వాడినా లొంగకపోతే మొండి డిప్రెషన్ అంటారు. మొండిది జబ్బు, మనిషి కాదు. "నువ్వే ప్రయత్నించట్లేదు" అని ఇంట్లోవాళ్లు అంటుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

2000లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వైద్యులు కొద్దిమంది రోగులకి కిలో బరువుకి అర మిల్లీగ్రాము చొప్పున, 40 నిమిషాల పాటు సన్నగా ఎక్కించారు. అరవై కిలోల మనిషికి 30 మిల్లీగ్రాములు, మేం మత్తుకిచ్చే దానిలో సగమో ఇంకా తక్కువో. మామూలు మందులకి వారాలు పట్టే మార్పు మూడు రోజుల్లోపే కనపడింది. దీని రూపమే అయిన ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకి 2019లో అమెరికా అనుమతి ఇచ్చింది. అదీ క్లినిక్‌లోనే పీల్చి, కనీసం రెండు గంటలు అక్కడే ఉండాలి.

కానీ ఒక డోసు ఫలితం చాలామందిలో కొన్ని రోజులకే జారిపోతుంది. ఆ తేలికపడిన రోజుల్లోనే కౌన్సెలింగ్‌కి పని. నెలలుగా నోరు విప్పని మనిషి అప్పుడు ఒక మాట అనగలడు. ముందుగా ఒకటి రెండు సార్లు కూర్చుని ఏం అనిపించవచ్చో చెప్పాలి: ఒళ్లు తనది కానట్టు, గాల్లో తేలినట్టు ఉంటుంది. తర్వాత, తనకి కనపడినదాని గురించి మళ్లీ మాట్లాడాలి. మందు మీద పరీక్షలు బాగానే జరిగాయి. కౌన్సెలింగ్ కలిపితే ఎంత అదనపు మేలో తేల్చే పరీక్షలు ఇంకా తక్కువే. అయినా ఆయమ్మని చూసినవాణ్ణి కదా, నా మొగ్గు అటే.

బీపీ అదుపులో లేనివాళ్లకీ, లేనిపోనివి కనపడి వినపడే జబ్బున్నవాళ్లకీ ఇది పనికిరాదు. అతిగా వాడితే అలవాటవుతుంది, మూత్రాశయం దెబ్బతింటుంది. మన దేశంలో ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని, గట్టి నిఘా ఉన్న మందు. ఇంట్లో ఎవరో తెచ్చి పొడిచే పని పెట్టుకోవద్దు. హాలీవుడ్ నటుడు మాథ్యూ పెర్రీ 2023లో కెటమిన్ ప్రభావంతోనే పోయారు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఏ మందు కోసమూ ఆగకండి, ఇవాళే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి.

కెటమిన్ ఎక్కించుకున్న రోజు బండి నడపకూడదు. విజయవాడ నుంచో తెనాలి నుంచో వచ్చేవాళ్లు ఒక మనిషిని వెంటబెట్టుకు రండి. రేటు అడిగే ముందు ఒక్క మాట అడగండి: "డాక్టర్‌గారూ, ఆ నలభై నిమిషాలూ మావాడి పక్కన ఎవరుంటారు?"