"మనకెందుకులే" అనేది ప్రైమ్ డైరెక్టివ్ కాదండీ బాబూ

హాయ్ అండి అందరికీ. ఈసారి ఇంట్రో గింట్రో ఏం లేదు, డైరెక్ట్‌గా ఒక సీన్‌లోకి పోదాం.

1989, స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ రెండో సీజన్, ఎపిసోడ్ పేరు పెన్ పాల్స్. షిప్‌లో డేటా అని ఒక ఆండ్రాయిడ్ ఆఫీసర్ ఉంటాడు కదా, ఆయన సెన్సార్లతో ఏదో కెలుకుతుంటే రేడియోలో ఒక చిన్నపిల్ల గొంతు దొరుకుతుంది. అక్కడ ఎవరైనా ఉన్నారా, అని అడుగుతుంటుంది. పేరు సర్జెంకా. పాపం ఆ పిల్లకి స్టార్‌షిప్పులూ, ఈ షిప్ వాళ్ళ గ్రహాల కూటమి అయిన ఫెడరేషనూ ఏమీ తెలీదు, ఊరికే చీకట్లోకి కేకేస్తోంది. మన డేటా ఏం చేశాడు, ఆఁ ఉన్నాను అన్నాడు. ఒకే ఒక్క మాట. ఇక అక్కడ్నుంచి వారాల తరబడి కబుర్లు, ఇంట్లోవాళ్ళ సంగతులు, ఆడుకునే ఆటలు, అన్నీ అయ్యాక అసలు విషయం బయటపడింది, వాళ్ళ గ్రహం లోపల్నుంచి బద్దలైపోతోంది.

కాపాడొచ్చుగా మరి, అంటారు. కుదరదు. ప్రైమ్ డైరెక్టివ్ అని ఈ ఫెడరేషన్ వాళ్ళకొక రూల్ ఉంది, ఈ మాట పాత సిరీస్‌లో 1967లోనే వినిపించింది. మన భాషలో చెప్పాలంటే, ఇంకా ఎదగని లోకం కనిపిస్తే దాని జోలికి పోవద్దు, మనం ఉన్నామని కూడా తెలియనివ్వొద్దు. ఎదిగారో లేదో ఎలా కొలుస్తారయ్యా అంటే, కాంతి కంటే స్పీడ్‌గా పోయే వార్ప్ ఇంజన్ సొంతంగా కట్టుకోవాలి. కడితే వచ్చి పలకరిస్తారు, లేకపోతే లేదు. నాకైతే ఇది విన్నప్పుడల్లా నవ్వొస్తుంది, ఇంజనీరింగ్ సీటొస్తేనే పిల్లాడు మనుషుల్లో లెక్క అనే మన చుట్టాల టైపు ఆలోచన ఇది. యుద్ధాలు మానేసి, రోగాలు నయం చేసుకుని, పాటలు పాడుకుంటూ హాయిగా బతికే లోకం ఒకటి ఉందనుకోండి, ఇంజన్ లేదుగా, కాబట్టి వాళ్ళు ఇంకా చిన్నపిల్లలే.

కానీ రూల్‌ని మరీ తీసిపారెయ్యకండి, దాని వెనక కారణం గట్టిదే. 1968 ఫిబ్రవరి 2న ఎ ప్రైవేట్ లిటిల్ వార్ అని ఒక ఎపిసోడ్ వచ్చింది. విల్లంబులతో బతికే గ్రహం, అక్కడ ఒక వర్గానికి ఫెడరేషన్‌కి శత్రువులైన క్లింగాన్లు చాటుగా తుపాకులు అందిస్తున్నారు, రెండో వర్గం వాళ్ళు పాత సిరీస్ హీరో కెప్టెన్ కర్క్‌కి పాత స్నేహితులు, సరే బ్యాలెన్స్ అవ్వాలి కదా అని ఈయన వీళ్ళకీ అవే తుపాకులు ఇప్పిస్తాడు. ఇక అది తెగే గొడవేనా. ఇది టీవీలో వచ్చిన వారంలోనే, అమెరికా యుద్ధం చేస్తున్న వియత్నాంలో కమ్యూనిస్టు సేనల టెట్ దాడులు మొదలయ్యాయి, ఇది ఏ గ్రహం కథో చూసేవాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అంత దూరం ఎందుకు, అండమాన్ చూడండి. పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు) మన తెలుగోళ్ళు, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళినవాళ్ళు బోలెడంత మంది, మీ ఊరోళ్ళే ఎవరో ఒకరు ఉండే ఉంటారు. అక్కడికి దగ్గర్లోనే, బయటివాళ్ళని రానివ్వని సెంటినలీస్ తెగ ఉండే నార్త్ సెంటినెల్ దీవి. 1880లో పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ ఆఫీసర్ మందిని వేసుకుని ఆ దీవిలో దిగాడు, అడవంతా వెతికి ఒక ముసలి జంటనీ నలుగురు పిల్లల్నీ పట్టుకుని పోర్ట్ బ్లెయిర్‌కి తీసుకొచ్చాడు. స్నేహం చేసుకుందామనే లెండి. ఏమైంది, అందరికీ జబ్బు చేసింది, ముసలాళ్ళిద్దరూ చనిపోయారు. పిల్లల చేతుల్లో బహుమతులు పెట్టి మళ్ళీ దీవి మీద దింపేసి వచ్చారు. ఒక్కసారి ఒడ్డున ఉన్నవాళ్ళ వైపు నుంచి చూడండి, పడవలో తెల్లటి మనుషులు వచ్చారు, ఆరుగుర్ని ఎత్తుకెళ్ళారు, నలుగురు తిరిగొచ్చారు, చేతినిండా ఏవో సామాన్లు, ఒంటినిండా నీరసం. ఏలియన్ల కథ రాయమంటే ఇంతకంటే ఏం రాస్తాం అండి.

ఇంకో సీన్. 1991 జనవరి 4, అదే దీవి. మధుమాల ఛటోపాధ్యాయ అనే ఆంత్రోపాలజిస్ట్ ఉన్న టీమ్ పడవలోంచి కొబ్బరికాయలు నీళ్ళలోకి వదులుతోంది, సెంటినలీస్ వాళ్ళు నీళ్ళలోకి దిగి ఏరుకుంటున్నారు. ఒడ్డు మీద ఒక కుర్రాడు ఈవిడకే గురిపెట్టి బాణం లాగాడు. పక్కనే ఉన్న ఒక ఆడమనిషి వాణ్ణి ఒక్క తోపు తోసింది, బాణం పోయి నీళ్ళలో పడింది. కాసేపటికి వీళ్ళు ఇంకా కాయలు వేసుకుని మళ్ళీ వచ్చారు, ఈసారి నీళ్ళలో నిలబడి చేత్తో చేతికే అందించారు. ఇంత బాగా కుదిరింది కదా, ఇక రోజూ పోవచ్చుగా అనిపిస్తుంది. కానీ ఆ తర్వాత కొన్నేళ్ళకి ఇలా గిఫ్టులు పట్టుకెళ్ళే ట్రిప్పులు మొత్తం ఆపేశారు. నాకు ఆ కొబ్బరికాయల సీన్ కంటే ఆ ఆపడం మీదే గౌరవం ఎక్కువ, ఎందుకంటే సక్సెస్ అయ్యాక ఆపడం చాలా కష్టం. 2004 సునామీ వచ్చినప్పుడు మాత్రం, అసలు బతికున్నారో లేదో అని కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ వెళ్ళింది. ఒకాయన ఇసకలోకి వచ్చి దాని మీదకి బాణం ఎక్కుపెట్టాడు. ఆ ఫోటో మీరు చూసే ఉంటారు. హెలికాప్టర్ వెనక్కి వచ్చేసింది.

నేను చెప్పాలనుకున్న పాయింట్ ఇక్కడుంది. అది మనకెందుకులే కాదు. వెళ్ళి చూశారు, బతికున్నారని తెలిసింది, వాళ్ళు వద్దన్నారు, వీళ్ళు వచ్చేశారు. మనకెందుకులే అంటే అసలు వెళ్ళకుండానే, వాళ్ళకి ఏం కావాలో అడగకుండానే, ఇంట్లో కూర్చుని వాళ్ళ తరఫున మనమే తేల్చెయ్యడం. స్టార్ ట్రెక్ రైటర్లకి ఈ రెండింటికీ తేడా కొన్ని సార్లు తెలుసు, కొన్ని సార్లు పూర్తిగా మర్చిపోతారు.

మర్చిపోయిన సార్లు చెప్తా. 1994లో నెక్స్ట్ జనరేషన్‌లోనే హోమ్‌వార్డ్ అని ఒక ఎపిసోడ్ వచ్చింది. ఒక గ్రహానికి గాలి అయిపోతోంది, డేటా వాళ్ళ షిప్ కెప్టెన్ పికార్డ్ అంతటివాడు స్క్రీన్ ముందు నిలబడి అది చచ్చిపోవడం చూస్తుంటాడు. రూల్ ఎందుకుందట, వాళ్ళ సంస్కృతి పాడవకూడదని. అయ్యా, మనుషులే లేకపోతే సంస్కృతి ఎవరికి, మ్యూజియంకా. షిప్‌లో వోర్ఫ్ అనే ఆఫీసర్‌కి పెంపుడు సోదరుడైన నికొలాయ్ ఒక్కడే ఎదురు తిరిగి, ఒక ఊరి జనాన్ని నిద్రలోనే షిప్‌లోకి తెచ్చేస్తాడు. ఇంకో తమాషా, ఈ నికొలాయ్ అక్కడికి వెళ్ళిందే దూరంగా ఉండి గమనించడానికి, కానీ అప్పటికే అక్కడి అమ్మాయి ఆయన వల్ల గర్భవతి. దూరంగా గమనించడం అంటే అంత దూరం అన్నమాట.

2002లో ఎంటర్‌ప్రైజ్ సిరీస్‌లో డియర్ డాక్టర్ ఇంకా ఘోరం. జబ్బుతో అంతరించిపోతున్న జాతి, వాళ్ళే స్వయంగా వచ్చి సాయం అడిగారు, డాక్టర్ ఫ్లాక్స్ దగ్గర మందు రెడీగా ఉంది, ఇవ్వరు. పక్కనున్న రెండో జాతి ముందు ముందు బాగా ఎదిగేలా ఉంది, వాళ్ళకి అడ్డుపడకూడదట. నొప్పి తగ్గే మందేదో ఇచ్చి వెళ్ళిపోతారు. వద్దన్నవాళ్ళ దగ్గరకి పోకపోవడం ఒకటి, తలుపు కొట్టినవాడికి లైటు ఆపేసి ఇంట్లో లేనట్టు కూర్చోవడం ఇంకొకటి. ఇప్పటికీ ఫ్యాన్స్ దీనిమీద కొట్టుకుంటూనే ఉన్నారు, నేనైతే ఇవ్వాల్సిందే అనే పార్టీ.

సరే, సర్జెంకా దగ్గరికి వద్దాం. ఆఫీసర్లంతా పికార్డ్ రూమ్‌లో కూర్చుని వాదించుకుంటారు, రూల్ రూలే అని ఒకరు, పిల్ల చచ్చిపోతే ఎలా అని ఇంకొకరు, విధి అని మరొకరు. చివరికి కెప్టెన్ ఆ కనెక్షన్ కట్ చెయ్యమంటాడు. డేటా కట్ చెయ్యబోతుంటే స్పీకర్లోంచి ఆ పిల్ల గొంతు, డేటా ఎక్కడున్నావ్, ఎందుకు పలకట్లేదు, నా మీద కోపమా, భయమేస్తోంది అని. అందరూ ఠక్కున ఆగిపోతారు. అప్పటిదాకా అది టాపిక్, ఇప్పుడది సాయం అడుగుతున్న మనిషి. వాదనలో ఎవరూ గెలవలేదు, గొంతు వినపడింది అంతే, పికార్డ్ ఆగమన్నాడు, గ్రహాన్ని కాపాడేశారు.

ఆ తర్వాత చేసిన పని మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఈలోపు డేటా ఆ పిల్లని షిప్‌లోకి తెచ్చేశాడు, ఆ పిల్లకి డేటా ఎవరో గుర్తుండకుండా షిప్ డాక్టర్ పులాస్కీ జ్ఞాపకాలు చెరిపేస్తుంది, అంటే మనం జోలికి పోలేదు అని రికార్డు శుభ్రంగా ఉండాలి కదా. ఆ పిల్లని మాత్రం ఒక్క మాట అడిగినోళ్ళు లేరు. డేటా నిద్రపోతున్న పిల్లని ఎత్తుకుని తీసుకెళ్ళి వాళ్ళ ఇంట్లో దింపుతాడు. సిక్‌బేలో, అంటే షిప్ ఆసుపత్రిలో, ఆ పిల్లకి బాగా నచ్చిన రాయి ఒకటి ఉంటుంది, చేత్తో పట్టుకుంటే పాడుతుంది అది. వెళ్ళేముందు దాన్ని ఆ చిన్న చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, వచ్చేస్తాడు.